బ్యాంకు దృష్టిలో ఏ సమస్య పెద్దది? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద బ్యాంకులు ఏటా వార్షిక నివేదికతో పాటు సస్టెయినబిలిటీ రిపోర్టు కూడా ఇస్తున్నాయి. పర్యావరణం, సమాజం విషయంలో బ్యాంకు ఏం చేస్తోందో చెప్పే రిపోర్టు అది. అందులో ఎక్కడో ఒకచోట చుక్కలు పెట్టిన గ్రాఫు ఉంటుంది. ఒక్కో చుక్క ఒక్కో అంశం, అది ఎంత ముఖ్యమో దాని చోటు చెబుతుంది. పై మూలన డేటా భద్రత, కింది మూలన కాగితం వాడకం, మధ్యలో ఓ పదిహేను చుక్కలు. ఆ చుక్కలు ఎవరు పెట్టారు, ఎలా పెట్టారు, మన ఊరి సంగతి అందులో ఎక్కడుంది అని అడిగేవాళ్ల కోసం ఈ పేజీ. కొన్నాళ్లు బ్రాంచిలో లోన్లు చూసి, ఆ తర్వాత ఇలాంటి రిపోర్టుల పనిలో పడిన మనిషిని కాబట్టి అక్కడక్కడా సొంత అభిప్రాయాలు దొర్లుతాయి. వాటిని అభిప్రాయాలుగానే తీసుకోండి.

అసలు బ్యాంకుకి పర్యావరణంతో ఏం పని? దానికి పొగ గొట్టం కూడా లేదు కదా?

పొగ గొట్టం లేదు, నిజమే. కానీ పొగ గొట్టం కట్టుకునేవాడికి అప్పు ఇచ్చేది బ్యాంకే. బ్రాంచిలో ఏసీలు, జనరేటరు డీజిలు, ప్రింటరు కాగితాలు అన్నీ కలిపినా, అది ఇచ్చిన లోన్ల మీద నడిచే ఫ్యాక్టరీలు, చెరువులు, లారీల ముందు ఏ మూలకూ రావు. కర్బన ఉద్గారాల లెక్కల్లో ఈ వాటాను స్కోప్ 3 (సొంతంగా కాక ఇతరుల ద్వారా జరిగే ఉద్గారాలు) కింద, పదిహేనో వర్గంలో, పెట్టుబడుల వల్ల వచ్చేవిగా చూపిస్తారు. ఎల్‌ఈడీ బల్బులు మార్చాం, మొక్కలు నాటాం అని నాలుగు పేజీలు రాసి, లోన్ల గురించి నాలుగు వాక్యాలతో సరిపెట్టే రిపోర్టును నేనైతే సీరియస్‌గా తీసుకోను.

రెండో వైపు కూడా చూడండి. 2021 నవంబరులో పెన్నాకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది. కోవూరు పక్క పొలాలు మునిగాయి, హైవే మీద బండ్లు ఆగిపోయాయి. ఆ పొలం మీద పంట రుణం, ఆ ఇంటి మీద గృహ రుణం, ఆగిపోయిన లారీ మీద వాహన రుణం ఇచ్చిన బ్యాంకుకి ఆ నెల కిస్తీలు ఎక్కణ్నుంచి వస్తాయి? బ్యాంకు వల్ల పర్యావరణానికి జరిగేది ఒకటి, పర్యావరణం వల్ల బ్యాంకుకి జరిగేది ఇంకొకటి. రిపోర్టు చదివేటప్పుడు ఈ రెంటినీ విడివిడిగా వెతుక్కోవాలి.

స్టేక్‌హోల్డర్లు అంటే ఎవరెవరు? ఖాతా ఉన్నవాళ్లేనా?

బ్యాంకు చేసే పని వల్ల బాగుపడేవాళ్లు, నష్టపోయేవాళ్లు, బ్యాంకు మీద ప్రభావం చూపగలిగేవాళ్లు అందరూ. మామూలుగా రిపోర్టుల్లో కనిపించే పేర్లు: డిపాజిటర్లు, రుణగ్రహీతలు, ఉద్యోగులు, షేర్‌హోల్డర్లు, ఆర్‌బీఐ, ప్రభుత్వం, సరఫరాదారులు, చివర్లో "సమాజం". ఈ చివరి మాట దగ్గరే చిక్కంతా. చీమకుర్తి క్వారీకి లోనిస్తే, ఆ దుమ్ము పీల్చే పక్క వీధి ఆవిడకి ఆ బ్యాంకులో ఖాతా ఉండక్కర్లేదు. ఆమె స్టేక్‌హోల్డరే. కాకపోతే ఆమె ఫోన్ నంబరు బ్యాంకు దగ్గర ఉండదు కాబట్టి సర్వే లింకు ఆమెకి వెళ్లదు.

ముఖ్యమైన అంశాలను ఎంచే పని ఎలా జరుగుతుంది?

ముందు పొడుగాటి జాబితా ఒకటి తయారుచేస్తారు. అంతర్జాతీయ ప్రమాణాలు, సెబీ ఫారాలు, ఆర్‌బీఐ సర్క్యులర్లు, పోటీ బ్యాంకుల రిపోర్టులు ముందేసుకుంటే ముప్ఫై నలభై అంశాలు తేలతాయి. ఒకదానిలో ఒకటి కలిపేసి వాటిని పదిహేను ఇరవైకి తెస్తారు. ఈ కలపడంలోనే చాలా జరిగిపోతుందని గుర్తుపెట్టుకోండి. "కౌలు రైతుకి రుణం" అనే అంశం "ఆర్థిక సమ్మిళితం" (అందరికీ బ్యాంకు సేవలు) అనే పెద్ద అంశంలో కలిసిపోయిందంటే ఇక దాని గురించి విడిగా ఎవరినీ అడగరు.

తర్వాత ఎవరెవర్ని అడగాలో తేల్చుకుంటారు. ఆన్‌లైన్ సర్వే పంపుతారు, పెద్ద మదుపరులతో ఫోన్లో మాట్లాడతారు, సీనియర్ అధికారులను కూర్చోబెట్టి వర్క్‌షాపు పెడతారు. ఒక్కో అంశానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయిస్తారు. వచ్చిన మార్కులకు గ్రూపును బట్టి వెయిటేజీ ఇస్తారు. ఇంకో పక్క బ్యాంకు తనంతట తానుగా, ఈ అంశం వల్ల మన లాభనష్టాల మీద, పేరు మీద, నిబంధనల మీద ఎంత ప్రభావం అని అంచనా వేసుకుంటుంది. రెండూ కలిపి గ్రాఫు గీసి, బోర్డు కమిటీ ముందు పెట్టి ఆమోదం తీసుకుంటారు. చాలాచోట్ల ఈ పనంతా కన్సల్టెంట్లే చేసిపెడతారు. మీ బ్రాంచి మేనేజర్‌ని అడిగితే తెలియదు అంటే అది అబద్ధం కాకపోవచ్చు. ఇది హెడ్డాఫీసు పని, బ్రాంచి దాకా రాదు. రాకపోవడమే లోపం అని నా ఉద్దేశం. రైతు కిస్తీ ఎందుకు ఆగిందో బ్రాంచిలో తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు.

ఆ చుక్కల గ్రాఫుని ఎలా చదవాలి?

అడ్డంగా బ్యాంకుకి ఎంత ముఖ్యం, నిలువుగా స్టేక్‌హోల్డర్లకి ఎంత ముఖ్యం. కుడి పైమూలన ఉన్నవి అగ్రస్థానం. చూడాల్సింది అక్కడ కాదు. ఎడమ పక్క పైన, అంటే బయటివాళ్లు చాలా ముఖ్యం అని, బ్యాంకు మాత్రం అంత లేదు అనుకున్న చుక్కలేవో చూడండి. బయటివాళ్లకీ బ్యాంకుకీ మధ్య అభిప్రాయ భేదం ఉన్న చోటు అదే. కొన్ని రిపోర్టుల్లో ఆ మూల ఖాళీగా ఉంటుంది. అందరూ అన్నిట్లోనూ బ్యాంకుతో ఏకీభవించారన్నమాట! ఎంత అదృష్టమో.

అంటే ఇది ఓటింగా? ఎక్కువమంది ఏది అంటే అదేనా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. జవాబు లెక్కతో చెబితేనే తెలుస్తుంది. ఇది ఊహించి వేసిన లెక్క, ఏ బ్యాంకుదీ కాదు.

"తీర గ్రామాల నీరు" అనే అంశం మీద సర్వే పెట్టారనుకుందాం. 400 మంది ఖాతాదారులు జవాబిచ్చారు, వాళ్ల సగటు మార్కు 2. ఉద్యోగులు 500 మంది, వాళ్ల సగటూ 2. మదుపరులు 10 మంది, సగటు 3. తీర గ్రామాల నుంచి 20 మందిని కూర్చోబెట్టి అడిగారు, వాళ్లు ఏకగ్రీవంగా 5 వేశారు. ఇప్పుడు తలకో ఓటు చొప్పున లెక్కేస్తే 930 మంది సగటు 2.1 కూడా రాదు. ఆ అంశం గ్రాఫులో అడుగున పడుతుంది. గ్రూపుకో ఓటు అనుకుంటే 2, 2, 3, 5 కలిపి నాలుగుతో భాగిస్తే 3. మధ్యకు వచ్చింది. మదుపరులకు రెట్టింపు వెయిటేజీ ఇచ్చినా ఇక్కడ 3 దగ్గరే ఉంటుంది, కానీ మదుపరులు 1 వేసి ఉంటే 2.2కి దిగిపోయేది. అదే "ఎవరికి దెబ్బ ఎక్కువగా తగులుతుందో వాళ్ల మాటే ప్రమాణం" అనుకుంటే నేరుగా 5. జవాబులు అవే, మనుషులు వాళ్లే. చుక్క మాత్రం అడుగు నుంచి నడినెత్తికి వెళ్లింది.

అందుకే రిపోర్టులో "1,000 మందికి పైగా స్టేక్‌హోల్డర్లను సంప్రదించాం" అన్న వాక్యం చూసి పొంగిపోకూడదు. ఏ గ్రూపులో ఎంతమంది, వెయిటేజీ ఎంత అన్నది రాశారా లేదా చూడాలి. రాయలేదంటే ఆ గ్రాఫు మీద మనం చేయగలిగిన తనిఖీ ఏమీ లేదు.

జీఆర్‌ఐ అనే అంతర్జాతీయ సస్టెయినబిలిటీ రిపోర్టింగు ప్రమాణాలు ఈ ఓటింగు ధోరణికి చాలావరకు స్వస్తి చెప్పాయి. 2021లో సవరించి, 2023 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జీఆర్‌ఐ 3 ప్రకారం, ఏ అంశం ముఖ్యమో తేల్చేది సంస్థ వల్ల మనుషుల మీద, పర్యావరణం మీద, ఆర్థిక వ్యవస్థ మీద పడే ప్రభావం ఎంత అన్నదే. స్టేక్‌హోల్డర్ల మాట ఆ ప్రభావాన్ని అర్థం చేసుకోవడానికి ఉపయోగపడాలి. దెబ్బ ఎంత తీవ్రం, ఎంతమందికి తగులుతుంది, తగిలాక సరిచేయగలమా అని చూస్తారు. మనుషుల హక్కులకు భంగం కలిగే చోట, జరిగే అవకాశం తక్కువైనా సరే, తీవ్రతకే పెద్దపీట. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ తియ్యగా మారడం ఎంత కష్టమో మైపాడు పక్క వాళ్లను అడిగితే చెబుతారు.

మన దేశంలో దీనికి చట్టం ఉందా, బ్యాంకు ఇష్టమేనా?

మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సస్టెయినబిలిటీ రిపోర్టు) అనే ఫారం తప్పనిసరిగా నింపాలని సెబీ నిబంధన. లిస్టయిన పెద్ద బ్యాంకులన్నీ అందులోకి వస్తాయి. దాని మొదటి భాగంలోనే ఒక పట్టిక ఉంటుంది: మీరు గుర్తించిన ముఖ్యమైన అంశం ఏది, అది రిస్కా అవకాశమా, ఎందుకు ఎంచారు, రిస్కయితే ఏం చేస్తున్నారు, డబ్బు పరంగా లాభమా నష్టమా. నాలుగో సూత్రం కింద ఇంకా సూటి ప్రశ్నలున్నాయి. స్టేక్‌హోల్డర్ గ్రూపులను ఎలా గుర్తించారు, వాళ్లలో బలహీన వర్గాలు ఎవరు, ఎంత తరచుగా మాట్లాడతారు, ఎలా మాట్లాడతారు. సంప్రదింపుల ఆధారంగానే అంశాలను ఎంచారా అన్న ప్రశ్న కూడా ఉంది, కానీ అది ఐచ్ఛికం. నింపని బ్యాంకుని తప్పు పట్టలేం, నింపిన బ్యాంకుని మెచ్చుకోవచ్చు.

ఆర్‌బీఐ వైపు నుంచి 2022 జులైలో వాతావరణ రిస్కు మీద చర్చాపత్రం, 2023లో గ్రీన్ డిపాజిట్ల నిబంధనలు, 2024 ఫిబ్రవరిలో వాతావరణ రిస్కు వివరాల వెల్లడిపై ముసాయిదా వచ్చాయి. వీటి చూపు ప్రధానంగా బ్యాంకు మీద పడే రిస్కు వైపు. యూరప్ నిబంధనలు రెండు వైపులా చూడమంటాయి. 2023 జూన్‌లో వచ్చిన ఐఎఫ్‌ఆర్‌ఎస్ ఎస్1, ఎస్2 అంతర్జాతీయ ప్రమాణాలు మదుపరికి ఏం కావాలో దాన్నే అడుగుతాయి.

రొయ్యల చెరువులకి బ్యాంకులు లోన్లిస్తాయి. చెరువు పక్క ఊరివాళ్ల గోడు ఈ లెక్కలోకి వస్తుందా?

మన జిల్లాలో ఈ వ్యవహారమంతా అర్థం కావాలంటే రొయ్యల చెరువు దగ్గరే మొదలుపెట్టాలి. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు మండలాల్లో ఒక చెరువు గట్టున నలుగురు నిలబడితే నాలుగు రకాల సమస్యలు చెబుతారు.

చెరువు రైతుకి వైట్ స్పాట్ (రొయ్యల తెల్లమచ్చ వ్యాధి) వస్తుందేమో, కౌంటుకి రేటు పడిపోతుందేమో, కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయేమో అని టెన్షన్. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు ఆ టెన్షన్ లోనిచ్చిన బ్రాంచికీ పాకింది. పక్కనే వరి వేసిన రైతుకి ఉప్పునీరు ఊటగా తన మడిలోకి వస్తుందని భయం. ఎడగారు (రెండో పంట) పెట్టాలా వద్దా అన్నది అతనికి దాన్నిబట్టే. ఊళ్లో ఆడవాళ్లకి బోరునీళ్లు ఉప్పగా మారడం, మినరల్ వాటర్ క్యాన్ కొనుక్కోవడం. ఎగుమతిదారుడికి యాంటీబయాటిక్ అవశేషాలు బయటపడి కంటైనరు తిరిగొస్తుందేమోనని దిగులు.

ఇప్పుడు బ్యాంకు దీన్ని ఎలా రాసుకుంటుంది? మొదటిదీ చివరిదీ "రుణ నాణ్యత" కింద పైకి వెళ్తాయి, ఎందుకంటే అవి నేరుగా కిస్తీకి ముడిపడ్డవి. మధ్యలో ఉన్న రెండూ "నీరు" అనే అంశం కిందకు రావాలి. తీరా రిపోర్టులో "నీటి నిర్వహణ" పేజీ తెరిచి చూస్తే బ్యాంకు ఆఫీసుల్లో ఎన్ని కిలోలీటర్లు వాడారు, కుళాయిలకు ఏం బిగించారు అని ఉంటుంది. ఫారంలో అడిగేది సంస్థ సొంత వాడకం కాబట్టి సిబ్బంది అదే నింపుతారు. ఫారం నింపినవాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. తోటపల్లిగూడూరు బోరు మాత్రం ఎక్కడా లేదు.

ఇది కొత్త గొడవేం కాదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై ఇచ్చిన తీర్పు ఉప్పునీటి నష్టాన్ని, తాగునీటి సమస్యను ప్రస్తావించింది. తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. లోను ఫైల్లో ఆ రిజిస్ట్రేషన్ కాగితం ఉందా అని చూడటం బ్యాంకు చేయగల చిన్న పని. మురుగునీరు ఎక్కడికి వదులుతున్నారు, శుద్ధి చెరువు ఉందా అని గట్టు మీద నిలబడి చూడటం ఇంకాస్త పెద్ద పని. "లోన్ల మంజూరులో పర్యావరణ, సామాజిక తనిఖీ" అనే అంశం ఏ బ్యాంకు గ్రాఫులో అయినా పైన ఉంటే, ఆచరణలో దాని అర్థం ఇదే అయి ఉండాలి.

పొగాకు సంగతి? కొన్ని బ్యాంకులు పొగాకుకి అప్పులివ్వకూడదని రాసుకుంటాయట కదా?

అంతర్జాతీయ సంస్థల నుంచి నిధులు తెచ్చుకునే చోట ఆ షరతు వస్తుంది. ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీకి మినహాయింపుల జాబితా ఒకటుంది, అందులో పొగాకు కూడా ఉంది. ఇటు చూస్తే ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాల చుట్టూ బతికే ఊళ్లు. బ్యారన్ (పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం) లైసెన్సున్న రైతుకి బ్యాంకు పంట రుణమిస్తుంది, వేలంలో అమ్మిన డబ్బు బ్యాంకు ఖాతాలోకి వచ్చి అప్పు తీరుతుంది. 2015లో రేట్లు పడిపోయి రైతులు ప్రాణాలు తీసుకున్న రోజులు ప్రకాశం జిల్లా మర్చిపోలేదు.

ఒక మదుపరి "పొగాకు వదిలేయండి" అంటాడు, ఆరోగ్యం గురించి అతను చెప్పేది నిజం. కొండపి రైతు "వదిలేస్తే వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవాల్సిందే" అంటాడు, అదీ నిజమే. సర్వే మార్కులతో ఈ చిక్కు తేలదు. బ్యారన్లో కట్టెల వాడకం తగ్గించడానికి, వేరే పంటకు మారడానికి అప్పు ఇస్తూ ఏళ్ల మీద తగ్గించుకుంటూ రావడం ఒక దారి. మారే రైతుకి శనగో, ఇంకోటో గిట్టుబాటు కావాలి కదా అన్న ప్రశ్న ఉండనే ఉంది. దాన్ని బ్యాంకు ఒక్కటే తీర్చలేదు.

మా పొదుపు సంఘాల మాట ఎవరైనా వింటారా?

వినాలి, అందులోనూ నెల్లూరు జిల్లాలో. 1990ల మొదట్లో దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. ఆ ఊపులోనే పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. నాబార్డు సంఘాలను బ్యాంకులకు జోడించే పథకం మొదలుపెట్టింది కూడా 1992లోనే. బ్యాంకులు మీ వెంట పడే స్థాయికి బాకీలు సరిగ్గా కడతారన్న పేరు మీకు వచ్చింది.

కానీ మీరు చెప్పే సమస్యలు రిపోర్టు భాషలోకి మారేసరికి రూపం పోతుంది. ఒకటి చూడండి. పొగాకు గ్రేడింగుకి వెళ్లే ఆమె వేళ్లకు జిగురు పట్టి ఉంటుంది. నాట్లు వేసే ఆమెకి వేలి గీతలు అరిగిపోయి ఉంటాయి. బ్యాంక్ మిత్ర (ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బులిచ్చే ఏజెంటు) మిషన్ మీద వేలు పెడితే ఎర్ర లైటు. తుడిచి మళ్లీ పెడుతుంది, మళ్లీ ఎర్ర లైటు. చీర చెంగు తడిపి తుడిచి ఇంకో వేలు పెడుతుంది. చివరికి "సాయంత్రం రా అమ్మా" అని పంపేస్తాడు. ఆ పూట కూలి పోయినట్టే. హెడ్డాఫీసు లెక్కల్లో ఇది "డిజిటల్ సేవల విస్తరణ" కింద బ్యాంక్ మిత్రల సంఖ్య పెరిగినట్టు కనిపిస్తుంది. ఎన్ని లావాదేవీలు వేలిముద్ర దగ్గర ఆగిపోయాయన్నది కూడా పెట్టమని మండల సమాఖ్య మీటింగుకి వచ్చిన బ్యాంకు ఆఫీసర్ని అడగండి. ఆ సంఖ్య వాళ్ల సిస్టంలో ఉంటుంది.

లోనుతో పాటు అడగకుండా బీమా అంటగట్టడం మరో ఫిర్యాదు. దీనికి రిపోర్టులో "కస్టమర్ పట్ల న్యాయమైన వ్యవహారం" అని పేరు. మాట్లాడేటప్పుడు ఆ పేరు వాడితే సంబంధిత గడిలో పడుతుంది.

నేను కౌలు రైతుని. ఖాతా ఉంది, లోను లేదు. నేను లెక్కలో ఉన్నానా?

ఖాతాదారుడిగా ఉన్నారు. రుణం దొరకనివాడిగా లేరు. సర్వేలకి ఇదో పెద్ద గుడ్డిమచ్చ: లోను తీసుకున్నవాణ్ని సేవ ఎలా ఉందని అడుగుతారు, తిరిగి పంపించినవాణ్ని అడగరు. 2019 చట్టం ప్రకారం సీసీఆర్సీ (కౌలు రైతుకిచ్చే పంట సాగు హక్కు పత్రం) కార్డు రావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద భూ యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టడానికి యజమాని జంకుతాడు. కార్డు తెచ్చినా, అదే భూమి మీద యజమాని ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్రాంచి వెనకాడుతుంది. బ్యాంకులు మొత్తం రుణాల్లో 40 శాతం ప్రాధాన్య రంగానికి, 18 శాతం వ్యవసాయానికి, ఆ 18లో 10 చిన్న, సన్నకారు రైతులకు ఇవ్వాలని ఆర్‌బీఐ లక్ష్యం పెట్టింది. ఆ లక్ష్యం చేరిందంటే కౌలు రైతుకి చేరిందని అర్థం కాదు. గ్రాఫులో "ఆర్థిక సమ్మిళితం" అన్న చుక్క పైనే ఉంటుంది, అది చూసి సంతోషపడాలో లేదో మీరే చెప్పండి.

థర్మల్ కేంద్రాలకి, పోర్టులకి లోన్లు ముంబైలో నిర్ణయమవుతాయి. నేలటూరు, పైనాపురం వాళ్లు ఎవరితో మాట్లాడాలి?

పెద్ద ప్రాజెక్టుకి పది బ్యాంకులు కలిసి అప్పిస్తాయి, అందులో ఒకటి ముందుండి నడిపిస్తుంది. పర్యావరణ తనిఖీ నివేదిక చూసేది ప్రధానంగా ఆ బ్యాంకే. మీ ఊరి బ్రాంచికి దాంతో సంబంధం ఉండదు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో మీరు చెప్పింది మినిట్స్‌లో నమోదవుతుంది. బ్యాంకుల తనిఖీ బృందం చదివే కాగితాల్లో అదొకటి. అక్కడ బూడిద, దుమ్ము, వేట తగ్గడం గురించి ఊరు, తేదీ, సంగతి కలిపి చెబితే ఆన్‌లైన్ సర్వేలో వెయ్యి మంది వేసిన మార్కు కంటే ఎక్కువ పనిచేస్తుంది. అరుపులు మినిట్స్‌లోకి ఎక్కవు, వివరాలు ఎక్కుతాయి.

ఉద్యోగుల మాటకు విలువ ఎక్కువా?

సంఖ్యలో ఎక్కువ. పై అధికారి లింకు పంపి ఈరోజే నింపాలి అంటాడు కాబట్టి జవాబులు దండిగా వస్తాయి. పేరు కనపడుతుందేమో అన్న అనుమానంతో టార్గెట్ల ఒత్తిడి గురించి మాత్రం ఎవరూ రాయరు.

అన్ని బ్యాంకుల జాబితాలూ ఒకేలా ఉంటాయెందుకు?

డేటా భద్రత, కార్పొరేట్ గవర్నెన్స్, ఆర్థిక సమ్మిళితం, వాతావరణ రిస్కు. ఏ బ్యాంకు రిపోర్టు తెరిచినా దాదాపు ఇవే. కొంతవరకు సహజం, బ్యాంకుల పని ఒకటే కనుక. ఓటీపీ మోసాలు, డిజిటల్ అరెస్టు పేరుతో బెదిరింపులు చూశాక ఏ ఖాతాదారుడైనా భద్రతకే ఐదు మార్కులు వేస్తాడు. కానీ సగం కారణం, పొడుగాటి జాబితాని పక్క బ్యాంకు రిపోర్టులోంచి ఎత్తుకోవడం. దేశమంతా కలిపి ఒకే గ్రాఫు గీయడం ఇంకో కారణం. కనిగిరి, మార్కాపురం వైపు ఫ్లోరైడు నీళ్లు, వెయ్యి అడుగుల బోర్లు, వెలిగొండ కోసం ఎదురుచూపులు. పెన్నా డెల్టాలో వరద. తీరంలో తుపాను, 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినట్టు. ఈ ఒక్క ప్రాంతంలోనే ఇన్ని తేడాలుంటే దేశం సగటులో మిగిలేదేముంది? జిల్లాల వారీగా, కనీసం జోన్ల వారీగా ఈ కసరత్తు చేయమని నేను అడిగినప్పుడల్లా వచ్చే జవాబు ఒకటే, ఫారంలో ఆ గడి లేదు అని.

గ్రామీణ బ్యాంకు, జిల్లా సహకార బ్యాంకు కూడా ఇలాంటివి చేస్తాయా?

లిస్టెడ్ కంపెనీలు కావు కాబట్టి బీఆర్‌ఎస్‌ఆర్ వాటికి వర్తించదు. రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ 2025 మే నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఒకటయ్యాయి. ఒకప్పుడు నెల్లూరులో పినాకిని గ్రామీణ బ్యాంకు ఉండేది, పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పల్లెలకు అందరికంటే దగ్గరగా ఉండే బ్యాంకులకే ఈ కసరత్తు తప్పనిసరి కాకపోవడం విచిత్రమే.

ఎన్నేళ్లకోసారి మారుస్తారు?

సాధారణంగా రెండు మూడేళ్లకు. మధ్యలో ఏటా పైపైన సమీక్షిస్తారు.

ఎవరైనా తనిఖీ చేస్తారా?

2023లో సెబీ బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ అని కొన్ని కొలమానాలు విడిగా తీసి, వాటికి బయటివాళ్ల ధ్రువీకరణ ఉండాలంది. ముందు 150 పెద్ద కంపెనీలతో మొదలుపెట్టారు. ఉద్గారాలు, నీరు, ఇంధన వాడకం, వ్యర్థాలు, మొత్తం జీతాల్లో మహిళలకు ఇచ్చిన వాటా వంటివి అందులో ఉంటాయి. ఏ అంశాన్ని ముఖ్యం అన్నారు, దేన్ని వదిలేశారు అన్న నిర్ణయం ఆ కొలమానాల్లో లేదు. అంకె సరైందో కాదో చూస్తారు, అసలు ఆ అంకె అడగాల్సిందేనా అని చూడరు.

మా సమస్య ఆ జాబితాలోకి ఎక్కాలంటే ఏం చేయాలి?

కాగితం మీద పెట్టండి. కౌంటర్ దగ్గర గొడవపడితే ఆ రోజుకి అయిపోతుంది. రాతపూర్వక ఫిర్యాదుకి నంబరు పడుతుంది, ఏ రకం ఫిర్యాదులు ఎన్ని వచ్చాయన్న లెక్క బోర్డు దాకా వెళ్తుంది, రిపోర్టులో అచ్చవుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. అంతకుముందు విడివిడిగా ఉన్న అంబుడ్స్‌మన్ పథకాలను 2021 నవంబరులో ఒకటిగా కలిపారు. వివరాలకు 14448కి ఫోన్ చేస్తే చాలు. బ్రాంచిలో కస్టమర్ సర్వీస్ కమిటీ మీటింగు ఉంటుంది, తేదీ అడిగి వెళ్లండి. కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. రైతు సంఘాలు, సమాఖ్యలు అయితే లీడ్ బ్యాంకు మేనేజర్ ద్వారా జిల్లా సంప్రదింపుల కమిటీ అజెండాలో అంశం పెట్టించడానికి ప్రయత్నించాలి. ఒక్క షేరున్నా వార్షిక సమావేశంలో ప్రశ్న అడగొచ్చు, ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్లోనే జరుగుతున్నాయి. ముందుగా స్పీకరుగా నమోదు చేసుకోవాలి. తెలుగులో అడిగితే పట్టించుకుంటారా అనే సందేహం పెట్టుకోకండి, ప్రశ్నని ఈమెయిల్లో కూడా పంపండి.

నేను కాకుటూరు యూనివర్సిటీలో చదువుతున్నాను. దీని మీద ప్రాజెక్టు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏదైనా రెండు లిస్టెడ్ బ్యాంకుల బీఆర్‌ఎస్‌ఆర్‌లు వాళ్ల వెబ్‌సైట్ నుంచి దించుకోండి. ముఖ్యమైన అంశాల పట్టిక, నాలుగో సూత్రం జవాబులు పక్కపక్కన పెట్టండి. బలహీన వర్గాలుగా ఎవరిని రాశారో, వాళ్లతో ఏ మార్గంలో మాట్లాడామన్నారో చూడండి. "వెబ్‌సైట్, ఈమెయిల్" అని ఉంటే గుండ్రంగా మార్క్ చేయండి. తర్వాత ముత్తుకూరులోనో, పొదిలిలోనో ఒక బ్రాంచి పరిధిలో పాతికమందిని మీరే అడగండి, అందులో కనీసం పదిమంది ఆ బ్యాంకులో లోను లేనివాళ్లయి ఉండాలి. ప్రశ్నల్లో జాబితా ముందే చదివి వినిపించకండి. "ఈ బ్యాంకు వల్ల మీకు మంచి ఏం జరిగింది, చెడు ఏం జరిగింది" అని అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకుని, ఆ తర్వాత బ్యాంకు జాబితాతో పోల్చండి. ఉదయం పది లోపు వెళ్తే పొలం పనివాళ్లు దొరకరు, సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి.